హార్డ్ డిస్క్ అసలు వేగాన్ని కొలిచి తెలుసుకోవడం ఎలా

ఒక టెరాబైటు పెళ్లి వీడియోలను హార్డ్ డిస్క్ నుంచి కాపీ చేయడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే, ఒకే డిస్క్‌కు నాలుగు జవాబులు వస్తాయి. డబ్బా మీద ముద్రించిన యూఎస్‌బీ 3.0 అనే మాటను నమ్మి లెక్క వేస్తే 33 నిమిషాలు సరిపోవాలి. ఆ డిస్క్ నిజంగా ఇవ్వగలిగిన సగటు వేగం సెకనుకు 100 ఎంబీ అయితే 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. అదే డిస్క్‌ను చూసుకోకుండా యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలిస్తే దాదాపు 8 గంటలు పడుతుంది. అందులో ఉన్నవి పెద్ద వీడియోలు కాక లక్షల కొద్దీ చిన్న ఫైళ్లయితే పని ఒక రోజు దాటినా దాటవచ్చు.

చెరువు ఎంత నిండుగా ఉన్నా, కాలువ ఎంత వెడల్పుగా తవ్వినా, పొలానికి ఎంత నీరు అందుతుందో నిర్ణయించేది తూమే. డేటా ప్రయాణంలోనూ అటువంటి తూము ఒకటి ఎక్కడో ఉంటుంది. హార్డ్ డిస్క్ విషయంలో అది చాలా తరచుగా కేబుల్‌లోనో పోర్టులోనో కాక, డిస్క్ లోపల తిరిగే యంత్రంలోనే ఉంటుంది. ఆ సంగతి తెలియక కొత్త కేబుళ్లకు, కొత్త కార్డులకు డబ్బు ఖర్చు పెట్టినవారిని నేను చూశాను. ఫోటో స్టూడియోలు నడిపే మిత్రుల డిస్క్‌లను పరీక్షించి పెట్టే క్రమంలో నాకు అలవాటైన వరుసనే ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తున్నాను. దీనికి కావలసినవన్నీ ఉచితంగా దొరికే ప్రోగ్రాములు, ఒక కాగితం, ఒక కలం, కొంత ఓపిక మాత్రమే.

మొదటి మెట్టు: డబ్బా మీది అంకెను బైట్లలోకి మార్చుకోండి

డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే దారి అయిన ఇంటర్‌ఫేస్ వేగాన్ని కంపెనీలు బిట్లలో చెబుతాయి, మన కంప్యూటర్ మాత్రం కాపీ వేగాన్ని బైట్లలో చూపిస్తుంది. బైటుకు 8 బిట్లు కాబట్టి 8తో భాగిస్తే చాలునని అనిపిస్తుంది కానీ, కంప్యూటర్ లోపలి డిస్క్‌లను కలిపే సాటా ఇంటర్‌ఫేస్‌లో ఆ లెక్క తప్పుతుంది. తీగ మీద సంకేతం చెదరకుండా ఉండేందుకు సాటా ప్రతి 8 బిట్లను 10 బిట్లుగా మార్చి పంపుతుంది కనుక, అక్కడ భాగించవలసింది 10తో. ఆ ప్రకారం 1.5 గిగాబిట్ల మొదటి తరం సాటా సెకనుకు 150 ఎంబీని, 3 గిగాబిట్ల రెండవ తరం 300 ఎంబీని, 2009లో వచ్చిన 6 గిగాబిట్ల మూడవ తరం 600 ఎంబీని మించి పంపలేవు. ప్రతి డేటా ముక్క వెంట వెళ్లే చిరునామాలు, తనిఖీ అంకెలు కూడా కొంత చోటు తీసుకుంటాయి కాబట్టి, మూడవ తరం సాటా మీద ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్) అయినా 550, 560 ఎంబీ దగ్గర ఆగిపోతుంది.

యూఎస్‌బీ 3.0 కూడా ఈ 10 బిట్ల పద్ధతినే అనుసరిస్తుంది. అందుకే దాని 5 గిగాబిట్లు కాగితం మీద 500 ఎంబీ అవుతాయి, ఆచరణలో 400 నుంచి 450 ఎంబీ దగ్గర తేలుతాయి. యూఎస్‌బీ 2.0 గురించి చెప్పే 480 మెగాబిట్లు లెక్కకు 60 ఎంబీ అయినా, ఆ పద్ధతిలోని సంప్రదింపుల భారం వల్ల నిజంగా చేతికి అందేది 30 నుంచి 40 ఎంబీ మాత్రమే. ఇంట్లోనో ఆఫీసులోనో ఉండే గిగాబిట్ లాన్ తీగకు గరిష్ఠం 125 ఎంబీ, ఆచరణలో 110 నుంచి 118 ఎంబీ. ఈ మూడు ఆచరణ అంకెలను కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే నాలుగవ మెట్టులో అవి మళ్లీ అవసరమవుతాయి.

ఇంకొక తేడాను కూడా ఇక్కడే తేల్చుకోవాలి. డిస్క్ కంపెనీలకు ఒక ఎంబీ అంటే పది లక్షల బైట్లు, విండోస్‌కు మాత్రం 10,48,576 బైట్లు. ఒక టెరాబైటు డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనిపించడానికి కారణం ఇదే తప్ప ఎవరూ చోటును దాచిపెట్టలేదు. వేగానికీ ఇదే వర్తిస్తుంది. కంపెనీ చెప్పిన 200 ఎంబీ విండోస్ కాపీ కిటికీలో సుమారు 191గా కనిపిస్తుంది. సుమారు 5 శాతం ఉండే ఈ తేడాను లోపంగా భావించి డిస్క్‌ను దుకాణానికి తిప్పి పంపనవసరం లేదు.

రెండవ మెట్టు: యంత్రం ఎంత ఇవ్వగలదో కాగితం మీద వేసి చూడండి

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి, వాటినే ప్లాటర్లు అంటారు. అవి నిరంతరం తిరుగుతుండగా, ఒక చేతి చివరన ఉన్న హెడ్ వాటి ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ చదువుతుంది, రాస్తుంది. డిస్క్ మీద ఉన్న చీటీలో నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడండి. మేజా (డెస్క్‌టాప్) కంప్యూటర్ డిస్క్‌లలో ఎక్కువగా 7200, లాప్‌టాప్ డిస్క్‌లలోనూ జేబులో పట్టే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లలోనూ ఎక్కువగా 5400 ఉంటుంది.

7200 చుట్లంటే సెకనుకు 120 చుట్లు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి హెడ్ తన కింద ఉన్న ఒక ట్రాక్‌ను పూర్తిగా చదివేస్తుంది. కనుక డిస్క్ సెకనుకు 200 ఎంబీ ఇస్తున్నదంటే ఆ ట్రాక్‌లో సుమారు 1.67 ఎంబీ డేటా ఉన్నదని అర్థం. అంతకు మించి వేగం కావాలంటే రెండే మార్గాలున్నాయి: పళ్లెం ఇంకా వేగంగా తిరగాలి, లేదా ట్రాక్‌లో ఇంకా ఎక్కువ డేటా ఇమడాలి. మొదటి మార్గం ఎప్పుడో మూసుకుపోయింది. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్క్ యంత్రం రామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి, అవి నిమిషానికి 1200 చుట్లు తిరిగేవి, అన్నింటిలో కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. 7200 చుట్ల తొలి డిస్క్ అయిన సీగేట్ బారకుడా 1992లో వచ్చింది. 2000 ప్రాంతంలో సర్వర్ల కోసం 15,000 చుట్ల డిస్క్‌లు వచ్చాయి కానీ, వేడి, విద్యుత్తు, శబ్దం భరించరానివి కావడంతో ఎస్‌ఎస్‌డీలు రాగానే వెనక్కు తగ్గాయి. డిస్క్‌లో పట్టే డేటా వేల రెట్లు పెరిగినా, 1992 నాటి 7200 చుట్లే ఇప్పటికీ మన మేజా మీద తిరుగుతున్నాయి. ఇంటర్‌ఫేస్ ఎంత మారినా డిస్క్ వేగం నెమ్మదిగానే పెరగడానికి మూలం ఇక్కడ ఉంది.

ఇప్పుడు ఆ డిస్క్ మోడల్ నంబరుకు చెందిన సాంకేతిక పత్రాన్ని కంపెనీ సైటులో వెతికి, నిలకడగా ఇవ్వగల గరిష్ఠ వేగం అని రాసిన అంకెను పట్టుకోండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే 6 గిగాబిట్లు మీకు అక్కరలేదు. అలా తీసుకున్న అంకె కూడా డిస్క్ మొత్తానికి వర్తించదు. పళ్లెం అంచున ఉండే ట్రాక్ చుట్టుకొలత ఎక్కువ, ఇరుసు దగ్గర ఉండే ట్రాక్ చుట్టుకొలత తక్కువ. పళ్లెం తిరిగే చుట్లు అన్నిచోట్లా ఒకటే కాబట్టి, అంచున ఒక చుట్టుకు ఎక్కువ డేటా, లోపల తక్కువ డేటా దొరుకుతాయి. డిస్క్ తన చోటును అంచు నుంచి లోపలికి నింపుకొస్తుంది. అందువల్ల కొత్తలో 200 ఎంబీతో మొదలైన డిస్క్, నిండే దశలో ఆ చివరి భాగంలో 100 ఎంబీకి దగ్గరగా పడిపోవడం దాని సహజ స్వభావం. పత్రంలోని గరిష్ఠ అంకె, అందులో సగం, ఈ రెండింటి మధ్యలో సుమారు ముప్పాతిక భాగం అని మూడు అంకెలు రాసుకోండి. మీ డిస్క్ ఆరోగ్యంగా ఉంటే మొదట్లోనూ, చివర్లోనూ, సగటునా రావలసిన వేగాలు సుమారుగా అవే.

మూడవ మెట్టు: డిస్క్‌ను మూడు చోట్ల చదివించి చూడండి

పరీక్షకు ముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. డిస్క్‌ను వాడుతున్న మిగతా ప్రోగ్రాములన్నీ మూసివేయాలి. డిస్క్‌లో విలువైన డేటా ఉంటే చదివే పరీక్షను మాత్రమే చేయాలి, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములలో రాసే పరీక్ష డిస్క్ మీద ఉన్నదాన్ని తుడిచివేస్తుంది.

విండోస్‌లో హెచ్‌డీ ట్యూన్ అనే ప్రోగ్రాము డిస్క్‌ను మొదటి నుంచి చివరి వరకు చదువుతూ వేగాన్ని గీతగా గీసి చూపిస్తుంది. లినక్స్‌లో గ్నోమ్ డిస్క్స్ అనే ప్రోగ్రాము మెనూలో ఉండే బెంచ్‌మార్క్ కూడా ఇదే పని చేస్తుంది, అందులో రాసే పరీక్ష ఎంపికను తీసివేసి నడపండి. కమాండ్ లైన్ అలవాటున్నవారు హెచ్‌డీపార్మ్ కమాండుకు చదివే పరీక్ష ఆప్షన్‌తో పాటు డైరెక్ట్, ఆఫ్‌సెట్ అనే ఆప్షన్లను కూడా ఇచ్చి, డిస్క్ మొదట్లో ఒకసారి, నడుమ ఒకసారి, చివర్లో ఒకసారి కొలవవచ్చు. డైరెక్ట్ అనే ఆప్షన్ ముఖ్యమైనది. అది ఇవ్వకపోతే, కంప్యూటర్ తన మెమరీలో దాచుకున్న పాత డేటా మధ్యలో చేరి కొలతను పాడుచేయవచ్చు.

చాలామంది క్రిస్టల్ డిస్క్ మార్క్ అనే ప్రోగ్రాముతో సరిపెట్టుకుంటారు. అది మంచి పరికరమే కానీ, హార్డ్ డిస్క్ విషయంలో దాని పరిమితి తెలుసుకొని వాడాలి. అది మామూలుగా ఒక జీబీ ఫైలును సృష్టించి, ఆ ఫైలు పరిధిలోనే పరీక్ష జరుపుతుంది. ఆ ఫైలు డిస్క్‌లో ఏ ఖాళీ చోట పడితే ఆ చోటి వేగమే అంకెగా వస్తుంది. ఖాళీ డిస్క్‌లో అంచు వేగం, నిండిన డిస్క్‌లో లోపలి వేగం కనిపిస్తుంది. కాబట్టి నెల కిందట 180 చూపిన డిస్క్ ఈరోజు 120 చూపినంత మాత్రాన అది చెడిపోయిందని నిర్ణయించకూడదు, మధ్యలో అది ఎంత నిండిందో కూడా చూడాలి.

నాలుగవ మెట్టు: గీత ఆకారాన్ని చదవండి

ఈ మొత్తం పనిలో నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచేది ఈ మెట్టే, ఎందుకంటే తూము ఎక్కడున్నదో ఈ గీత ఒక్కటే దాదాపుగా చెప్పేస్తుంది.

గీత ఎడమవైపు ఎత్తున మొదలై, మెట్లు దిగినట్లు దిగుతూ, కుడివైపుకు వచ్చేసరికి సుమారు సగానికి చేరితే, అడ్డుగా ఉన్నది పళ్లేలే. అంటే ఇంటర్‌ఫేస్ డిస్క్‌ను ఆపడం లేదు, డిస్క్ తన శక్తినంతా ఇస్తున్నది. ఇక కేబుల్ మార్చినా పోర్టు మార్చినా ఒక్క ఎంబీ కూడా పెరగదు.

గీత గీటుబద్దతో గీసినట్లు మొదటి నుంచి చివరి వరకు సమతలంగా ఉంటే, పళ్లేలు ఇవ్వగలిగిన దాన్ని మధ్యలో ఏదో ఆపుతున్నది. ఆ సమతలం ఏ అంకె దగ్గర ఉన్నదో చూసి, మొదటి మెట్టులో రాసుకున్న ఆచరణ అంకెలతో పోల్చండి. 30, 40 మధ్య ఉంటే యూఎస్‌బీ 2.0 అడ్డుపడుతున్నది. లాన్ మీద ఉన్న డిస్క్ నుంచి కాపీ చేస్తున్నప్పుడు 112 దగ్గర కదలకుండా నిలిచిపోతే గిగాబిట్ తీగ అడ్డుపడుతున్నది. గీత మొదట సమతలంగా ఉండి సగం తరువాత దిగడం మొదలుపెడితే, అంచు భాగంలో ఇంటర్‌ఫేస్, లోపలి భాగంలో పళ్లెం అడ్డుపడుతున్నాయని అర్థం. కొత్త డిస్క్‌ను మొదటి తరం సాటా పోర్టున్న పాత కంప్యూటర్‌కు తగిలించినప్పుడు ఇటువంటి గీత వస్తుంది.

ఇంటర్‌ఫేస్ మీద అనుమానం కలిగితే, అది ఏ వేగానికి ఒప్పందం కుదుర్చుకున్నదో నేరుగా అడగవచ్చు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాములో ట్రాన్స్‌ఫర్ మోడ్ అనే గడిలో రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఇప్పుడు నడుస్తున్న వేగం, రెండవది డిస్క్‌కు చేతనైన వేగం. అక్కడ మొదటిది సాటా 300, రెండవది సాటా 600 అని ఉంటే డిస్క్ మూడవ తరానిది, పోర్టో కేబులో దాన్ని రెండవ తరంలో నడిపిస్తున్నది. హార్డ్ డిస్క్ అయితే దీని గురించి కలత చెందనవసరం లేదు. 200 ఎంబీ మాత్రమే ఇవ్వగల డిస్క్‌కు 300 ఎంబీ దారి సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే మాత్రం సగం వేగం వృథా అవుతున్నట్లే.

యూఎస్‌బీ విషయంలో అనుమానించవలసినవి ఎక్కువ. నీలి రంగు నాలుక ఉన్న పోర్టు సాధారణంగా 3.0 అని గుర్తు కానీ, రంగు నియమాన్ని అందరూ పాటించరు. ఫోను చార్జింగ్ కోసం ఇచ్చే టైప్-సి కేబుళ్లలో చాలా వాటికి యూఎస్‌బీ 2.0 తీగలు మాత్రమే ఉంటాయి. డిస్క్ పని చేస్తూనే ఉంటుంది కాబట్టి తప్పు కేబుల్‌దని ఎవరికీ తోచదు. నా సొంత బ్యాకప్ డిస్క్ ఒకటి వారం రోజులు 36 ఎంబీ దగ్గర నిలిచిపోతే డిస్క్ ముసలిదైపోయిందని నేనే నిర్ధారించుకున్నాను. గీత గీసి చూస్తే అది సమతలంగా వచ్చింది, డబ్బాలో వచ్చిన అసలు కేబుల్‌ను వెతికి తగిలించగానే 120కి చేరింది. చిన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌లకు ఉండే వెడల్పాటి మైక్రో-బి ప్లగ్గును పూర్తిగా లోపలికి నెట్టకపోయినా 2.0 వేగమే రావచ్చు. లినక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండును చెట్టు రూపంలో చూపే ఆప్షన్‌తో నడిపితే ప్రతి పరికరం ఎదుట 480 అనో 5000 అనో మెగాబిట్లలో కనిపిస్తుంది, దాంతో సందేహం తీరిపోతుంది. హబ్ వాడుతున్నట్లయితే దాని మీది పరికరాలన్నీ ఒకే తీగను పంచుకుంటాయి కాబట్టి, పరీక్ష చేసేటప్పుడు హబ్‌ను తప్పించి కంప్యూటర్ వెనుక పోర్టుకే నేరుగా తగిలించాలి.

అయిదవ మెట్టు: హెడ్ ప్రయాణానికి అయ్యే ఖర్చును లెక్కించండి

ఇంతవరకు చెప్పిన వేగాలన్నీ ఒకే వరుసలో పరచుకొని ఉన్న డేటాకు మాత్రమే చెల్లుతాయి. నిజ జీవితంలో డేటా అలా ఉండదు. ఒక ముక్క ఒకచోట, మరొక ముక్క ఇంకొకచోట ఉన్నప్పుడు హెడ్ సరైన ట్రాక్ దాకా ప్రయాణించాలి, కావలసిన భాగం తన కిందకు తిరిగి వచ్చేదాకా వేచి ఉండాలి. మేజా కంప్యూటర్ డిస్క్‌లో ప్రయాణానికి సగటున 8, 9 మిల్లీసెకన్లు పడతాయి. 7200 చుట్ల పళ్లెం ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి, వేచి ఉండే సమయం సగటున అందులో సగం, అంటే 4.17 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే సుమారు 13 మిల్లీసెకన్లు. 5400 చుట్ల డిస్క్‌లో వేచి ఉండే భాగమే 5.56 మిల్లీసెకన్లకు పెరుగుతుంది, ప్రయాణం కూడా సాధారణంగా ఎక్కువే.

13 మిల్లీసెకన్లు మనకు కనురెప్ప పాటు కంటే తక్కువ. డిస్క్‌కు మాత్రం అది పెద్ద నష్టం, ఎందుకంటే ఆ కాలంలో 150 ఎంబీ వేగంతో దాదాపు 2 ఎంబీ చదివి ఉండేది. కాగితం మీద ఇలా లెక్కించి చూడండి. ఒక్కో ముక్క 10 ఎంబీ అయితే చదవడానికి 67 మిల్లీసెకన్లు, ప్రయాణానికి 13, మొత్తం 80. అసలు వేగం 125 ఎంబీకి తగ్గుతుంది. ముక్క ఒక ఎంబీ అయితే చదవడానికి 7 కంటే తక్కువ, ప్రయాణానికి 13. వేగం 51 ఎంబీ. ముక్క 64 కేబీ అయితే వేగం 5 ఎంబీ కంటే తక్కువ. ముక్క 4 కేబీ అయితే సెకనుకు 77 ముక్కలు మాత్రమే అందుతాయి, అంటే 0.3 ఎంబీ. డిస్క్ మారలేదు, కేబుల్ మారలేదు, ముక్క పరిమాణం మారినంత మాత్రాన 150 ఎంబీ కాస్తా 0.3 ఎంబీ అయింది. హార్డ్ డిస్క్ మీద విండోస్ తెరుచుకోవడానికి నిమిషాలు పట్టడానికి, అదే కంప్యూటర్‌కు సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టగానే పరిస్థితి పూర్తిగా మారిపోవడానికి ఈ లెక్కే కారణం.

ఎన్‌సీక్యూ అనే సదుపాయం ఉన్నప్పుడు డిస్క్ ఒకేసారి 32 వరకు కోరికలను స్వీకరించి, ఊరంతా ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్ వీధుల వరుసను చూసుకున్నట్లు, దగ్గరగా ఉన్నవాటిని ముందు తీర్చుకుంటుంది. దీనివల్ల ముక్కల సంఖ్య రెట్టింపు దాకా పెరగవచ్చు. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయోస్ సెట్టింగులలో సాటా మోడ్ పాత ఐడీఈ పద్ధతిలో ఉంటే ఈ సదుపాయం పని చేయదు, ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఉండాలి. అయితే విండోస్ అప్పటికే ఎక్కించి ఉన్న కంప్యూటర్‌లో ముందు జాగ్రత్త లేకుండా ఆ మోడ్ మారిస్తే అది తెరుచుకోకపోవచ్చు.

క్రిస్టల్ డిస్క్ మార్క్‌లో కింది వరుసలో కనిపించే 4 కేబీ అంకె ఈ చిన్న ముక్కల వేగాన్నే చెబుతుంది. పరీక్ష ఒక జీబీ పరిధిలోనే జరుగుతుంది కాబట్టి అక్కడ హెడ్ ప్రయాణం చాలా తక్కువ, డిస్క్ మొత్తం మీద వచ్చే నిజమైన అంకె దానికంటే తక్కువగానే ఉంటుంది.

ఈ లెక్క నుంచి నేరుగా వచ్చే కొన్ని అలవాట్లున్నాయి. ఒకే హార్డ్ డిస్క్ నుంచి రెండు కాపీలను ఒకేసారి మొదలుపెట్టకండి, హెడ్ రెంటి మధ్య తిరుగుతూ రెండింటినీ నెమ్మదింపజేస్తుంది. ఒకదాని తరువాత ఒకటి చేస్తే మొత్తం సమయం తగ్గుతుంది. ఒకే డిస్క్‌లో ఒక ఫోల్డరు నుంచి మరొక ఫోల్డరుకు కాపీ చేసేటప్పుడు సగం వేగం కూడా రాకపోవడానికి కారణం ఇదే, వీలైతే రెండవ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఏళ్ల తరబడి దాచవలసిన చిన్న ఫైళ్లను, ఉదాహరణకు ఒక్కో పెళ్లికి సంబంధించిన ప్రాజెక్టు ఫైళ్లు, చిన్న బొమ్మలు వంటివాటిని, కుదింపు లేకుండానే ఒకే జిప్ ఫైలుగా కట్టి ఉంచండి. మొదటిసారి కట్టేటప్పుడు సమయం పడుతుంది కానీ, ఆ తరువాత ఎన్నిసార్లు ఒక డిస్క్ నుంచి మరొక డిస్క్‌కు మార్చినా అది ఒకే పెద్ద ఫైలుగా పూర్తి వేగంతో కదులుతుంది.

ఆరవ మెట్టు: రాసే వేగాన్ని చాలాసేపు గమనించండి

రాసే వేగం మొదటి కొన్ని సెకన్లలో చెప్పేది నిజం కాదు. కంప్యూటర్ ముందుగా తన మెమరీలోకి, డిస్క్ తన లోపలి 64 లేదా 256 ఎంబీ బఫర్‌లోకి డేటాను తీసుకొని, పని అయిపోయినట్లు చూపిస్తాయి. అందుకే మీ కంప్యూటర్ మెమరీకి కనీసం రెట్టింపు పరిమాణం గల పెద్ద ఫైళ్లను కాపీ చేసి, గడియారం చూసి మొత్తం సమయంతో భాగించండి. లినక్స్‌లో కాపీ ముగిసినట్లు కనిపించాక సింక్ కమాండు కూడా ముగిసేదాకా ఆగి అప్పుడు లెక్కించండి. మూలంగా ఉన్న డిస్క్ లక్ష్య డిస్క్ కంటే వేగవంతమైనది కాకపోతే మీరు కొలుస్తున్నది మూలం వేగాన్నే అవుతుందని మరువకండి.

ఇక్కడ ప్రత్యేకంగా చూడవలసింది ఎస్‌ఎంఆర్ డిస్క్‌ల సంగతి. ఇంటి కప్పు మీద పెంకులు ఒకదానిపై ఒకటి కొంత కప్పుకొని ఉన్నట్లు, ఈ డిస్క్‌లలో ట్రాక్‌లు ఒకదాని అంచును మరొకటి కప్పుతూ ఉంటాయి. దీనివల్ల అదే పళ్లెంలో ఎక్కువ డేటా పడుతుంది, చదవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ మధ్యలో ఒక ట్రాక్‌ను మార్చాలంటే దాని తరువాతి ట్రాక్‌లను కూడా తీసి మళ్లీ రాయాలి. ఆ కష్టం వెంటనే తెలియకుండా ఈ డిస్క్‌లు కొత్త డేటాను ముందు ఒక ప్రత్యేక భాగంలో వేసుకొని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటాయి. ఆ భాగం నిండేదాకా రాసే వేగం బాగుంటుంది, నిండాక పదుల ఎంబీలకో అంతకంటే కిందకో పడిపోతుంది. డిస్క్‌ను కొన్ని గంటలు విద్యుత్తుతో ఊరికే వదిలేస్తే మళ్లీ కోలుకుంటుంది. పడిపోవడం, విశ్రాంతి తరువాత కోలుకోవడం అనే ఈ రెండూ కనిపిస్తే అది బహుశా ఎస్‌ఎంఆర్ డిస్కే. వెస్టర్న్ డిజిటల్, సీగేట్, తోషిబా కంపెనీలు కొన్ని మోడళ్లలో ఈ పద్ధతిని వాడుతూ ఆ మాట స్పష్టంగా చెప్పలేదన్న విషయం 2020లో బయటపడి పెద్ద చర్చ జరిగింది, ఆ తరువాత కంపెనీలు మోడళ్ల జాబితాలను ప్రకటించాయి. కొనే ముందు మోడల్ నంబరును ఆ జాబితాలో చూసుకోవడం కొనేవారి హక్కు. ఒకసారి రాసి దాచుకునే వీడియోలకు ఎస్‌ఎంఆర్ పనికివస్తుంది. అనేక డిస్క్‌లను ఒకటిగా కలిపే రెయిడ్‌లోనూ, రోజూ మార్పులు జరిగే పనిలోనూ దాన్ని పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఏడవ మెట్టు: నెమ్మదితనమా, జబ్బా అన్నది వేరు చేయండి

గీతలో అక్కడక్కడా లోతైన గుంటలు కనిపిస్తే పరీక్షను మళ్లీ నడపండి. గుంటలు రెండవసారి వేరే చోట వస్తే ఆ సమయంలో ఏదో ప్రోగ్రాము డిస్క్‌ను వాడుకున్నదని అర్థం. సరిగ్గా అదే చోట వస్తే ఆ భాగంలోని సెక్టర్లు (ట్రాక్‌లో డేటా రాసే చిన్న గడులు) బలహీనపడ్డాయని అనుమానించాలి, ఎందుకంటే సరిగా చదవలేని సెక్టరును డిస్క్ పదేపదే ప్రయత్నిస్తూ సెకన్ల కొద్దీ ఆగిపోతుంది.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో గానీ, లినక్స్‌లోని స్మార్ట్‌సీటీఎల్ కమాండులో గానీ మూడు అంకెలను చూడండి. 5వ నంబరు అప్పటికే పాడై బదులు సెక్టర్లకు మార్చినవాటి లెక్క, 197వ నంబరు చదవలేక తీర్పు కోసం వేచి ఉన్న సెక్టర్ల లెక్క, 199వ నంబరు కేబుల్ దారిలో చెదిరిపోయిన డేటా లెక్క. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఈ నంబర్లు పదహారు అంకెల (హెక్సాడెసిమల్) పద్ధతిలో ఉంటాయి కాబట్టి అక్కడ పేర్లను చూసి పోల్చుకోవడం సులువు. 199 పెరుగుతూ ఉంటే సాటా కేబుల్‌ను మార్చండి. పాత లెక్క చెరిగిపోదు, కొత్తగా పెరగకుండా ఉంటే సమస్య తీరినట్లే. 197 సున్నా కంటే ఎక్కువగా ఉంటే ఇక వేగ పరీక్షలన్నీ అక్కడితో ఆపేసి, ముందు డేటాను వేరే డిస్క్‌లోకి తీయండి. మొండికేస్తున్న డిస్క్ నుంచి డేటా తీయడానికి గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము తగినది, అది సులువుగా వచ్చే భాగాలను ముందు తీసుకొని చెడిన భాగాల దగ్గరకు తరువాత వెళుతుంది.

ఎనిమిదవ మెట్టు: డబ్బు ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోండి

కొలతలు చేతిలో ఉన్నాయి కాబట్టి నిర్ణయం కష్టం కాదు. గీత 36 దగ్గర సమతలంగా ఉంటే కొన్ని వందల రూపాయల కేబుల్‌తోనో, 3.0 పోర్టుతోనో వేగం మూడు రెట్లు పెరుగుతుంది. గీత వాలుగా ఉండి పెద్ద ఫైళ్లే మీ పని అయితే ఉన్నది ఉన్నట్లు వాడుకోండి, 10 గిగాబిట్ల కొత్త ఎక్స్‌టర్నల్ డబ్బాలో (ఎన్‌క్లోజర్‌లో) అదే డిస్క్‌ను పెట్టినా వేగం పెరగదు. చిన్న ముక్కల పని ఎక్కువగా ఉంటే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, ఎడిటింగ్ ప్రోగ్రాముల తాత్కాలిక ఫైళ్లు, ఫోటో క్యాటలాగ్ వంటివి ఉంటే, వాటిని మాత్రం ఎస్‌ఎస్‌డీకి మార్చండి. ఆ పనికి పాత కంప్యూటర్‌లోని రెండవ తరం సాటా పోర్టు కూడా చాలు, ఎందుకంటే అక్కడ గెలుపు ఇంటర్‌ఫేస్ వేగంలో లేదు, హెడ్ ప్రయాణం లేకపోవడంలో ఉంది. లాన్ మీద పెట్టిన డిస్క్ 112 దగ్గర ఆగుతూ, అదే డిస్క్ నేరుగా తగిలించినప్పుడు 200 ఇస్తుంటే 2.5 గిగాబిట్ల లాన్ పరికరాలకు పెట్టే ఖర్చు సార్థకమవుతుంది.

పెద్ద డిస్క్ కొనబోయేవారు ఒక లెక్కను ముందే వేసుకోవాలి. డిస్క్ సామర్థ్యం పెరగడానికి ట్రాక్‌లో బిట్లు దగ్గరవడం, ట్రాక్‌లు ఒకదానికొకటి దగ్గరవడం, పళ్లేల సంఖ్య పెరగడం అనే మూడూ తోడ్పడతాయి. హెడ్ ఒక సమయంలో ఒక ట్రాక్‌నే చదువుతుంది కాబట్టి, వేగం పెరగడానికి వాటిలో మొదటిది మాత్రమే తోడ్పడుతుంది. అందుకే సామర్థ్యం పరుగెడుతుంటే వేగం నడుస్తున్నది. సగటున 80 ఎంబీ ఇచ్చే పాత ఒక టెరాబైటు డిస్క్‌ను మొత్తం చదవడానికి మూడున్నర గంటలు పడితే, సగటున 210 ఎంబీ ఇచ్చే 20 టెరాబైట్ల డిస్క్‌కు, ఎక్కడా ఆటంకం లేకపోయినా, 26 గంటలు దాటుతుంది. అటువంటి డిస్క్‌కు మొదటి బ్యాకప్ తీసేటప్పుడు కంప్యూటర్ స్లీప్ సెట్టింగును ఆపివేయండి, యూపీఎస్ ఉంటే దానికి తగిలించండి, డిస్క్ డబ్బాకు గాలి ఆడేలా చూడండి, మధ్యలో ఆగితే ఆగిన చోటి నుంచి కొనసాగించగల ఆర్‌సింక్, రోబోకాపీ వంటి ప్రోగ్రాములనే వాడండి.